దశమభాగం సరే, ఐదవ భాగం ఏది?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 34, ప్రైవేటు కంపెనీలో అకౌంటెంట్‌ని. చేతికి వచ్చే జీతం 42,000. ఇద్దరు పిల్లలు, ఇంటి ఖర్చు 25,000. దశమభాగం (ఆదాయంలో పదో వంతు) సంఘానికి తప్పకుండా ఇస్తాం. సంఘం కొత్త మందిరానికి 4 లక్షలు ఇస్తానని మొక్కుకున్నాను. 14 శాతం వడ్డీకి, 36 నెలలకు పర్సనల్ లోన్ తీసుకుని 3 లక్షలు ఇచ్చేశాను. మిగతా లక్షకు నా భార్య నగలు తాకట్టు పెట్టవచ్చా? పిల్లల కోసం సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) కూడా మొదలుపెట్టాలని ఉంది.

జవాబు: వద్దండి. ఆ నగల జోలికి వెళ్లకండి.

ఇవ్వాలన్న మీ మనసును తప్పుపట్టను. దశమభాగం ఆపమనీ అనను, అది చేతికి వచ్చిన దాంట్లోంచి ఇచ్చేది. ఆ 3 లక్షలు మాత్రం ఇంకా రాని మూడేళ్ల జీతంలోంచి ఇచ్చారు. నెల వాయిదా సుమారు 10,250. అప్పు తీరేసరికి వడ్డీయే 69,000 దాకా అవుతుంది, అందులో ఒక్క రూపాయి కూడా మందిరానికి చేరదు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో (8:12) పౌలు చెప్పింది కలిగిన దాన్ని బట్టి ఇవ్వమనే. మొక్కుకునే ముందే ఎవరైనా మీకు ఈ మాట గుర్తు చేయాల్సింది.

నాకు ఎక్కువ టెన్షన్ పుట్టించింది మీరు రాయని అంకె. దాచిన సొమ్ము ఎంత? దశమభాగం, ఇంటి ఖర్చు, వాయిదా పోగా మీకు నెలకు మిగిలేది 2,550. ఒక్క నెల జీతం ఆగినా, పిల్లాడు డెంగీతో ఆస్పత్రిలో చేరినా నూటికి మూడు రూపాయల వడ్డీకి పరిగెత్తాలి. అంటే ఏడాదికి 36 శాతం! దశమభాగం మీద ప్రసంగాలు ఎన్నో విన్నాం. ఆదికాండం 41లో యోసేపు ఏడేళ్ల సమృద్ధిలో ఐదవ భాగం తీసి కొట్లలో పోయించిన సంగతి మాత్రం ఇంటి లెక్కల్లోకి తెచ్చుకోం. కరువొచ్చాక ఐగుప్తు (ఈజిప్టు) బతికింది ఆ ధాన్యంతోనే. కనాను నుంచి వచ్చిన ఆయన అన్నలకు దొరికిందీ అదే. అదీ గృహనిర్వాహకత్వమే, అంటే దేవుడు అప్పగించిన దాన్ని జాగ్రత్తగా చూసుకోవడమే.

ఇంటి ఖర్చు, వాయిదా కలిపితే మీకు నెలకు 35,250 కావాలి. అత్యవసర నిధిగా ఆరు నెలలకు 2,11,500 ఉండాలి. అంత మొత్తం చూసి బెదరకండి, ముందు ఒక్క నెలది చేర్చండి. 2,550 చొప్పున వేస్తే 14 నెలలు పడుతుంది, అది చాలా నెమ్మది. మీ చేతిలో తలాంతు (దేవుడిచ్చిన నైపుణ్యం) ఉంది కదా, వారంలో రెండు సాయంత్రాలు చిన్న దుకాణాలకు జీఎస్టీ లెక్కలు రాయండి.

మిగతా లక్ష గురించి దంపతులిద్దరూ పాస్టర్ గారి దగ్గరికి, సంఘ పెద్దల దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. లోన్ తీరాక నెలనెలా ఇస్తామనండి. ఈలోగా మందిర నిర్మాణం లెక్కలు ఉచితంగా చూసిపెట్టండి. ఆ సమయం కూడా కానుకే, సిగ్గుపడాల్సిన పని లేదు.

సిప్ ఇప్పుడు వద్దు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే సాయంత్రాల సంపాదనలోంచి తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదు. అత్యవసర నిధిని వేరే బ్యాంకులో ఉంచండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి.