మానవ హక్కులా? మానవాధికారాలా?

సందేహం: మా అమ్మాయి వ్యాసంలో "మానవ హక్కులు" అని రాసింది. సంస్కృత పదానికి అరబ్బీ మాట తగిలిస్తే వైరి సమాసమవుతుందని, "మానవాధికారాలు" అనాలని వాళ్ల మాష్టారు దిద్దారు. ఏది ఒప్పు? – ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: వైరమే ఉంటే అరబ్బీ, పారసీ మాటలు సంస్కృతంతో కలిసిన జిల్లా పరిషత్తుకీ ప్రజాదర్బారుకీ కూడా ఉండాలి. వాటిని ఎవరూ దిద్దడం లేదు కదా!

"హక్కు" గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. అరబ్బీలో "హక్" అంటే సత్యం. న్యాయంగా ఒకరికి చెందవలసింది అని కూడా. "అనల్ హక్", నేనే సత్యాన్ని, అన్నాడని పేరుపడ్డ సూఫీ మన్సూర్ అల్ హల్లాజ్‌ను 922లో బాగ్దాదులో చంపేశారు. అంత బరువున్న మాట అది. పారసీ, ఉర్దూల మీదుగా మన దస్తావేజుల్లోకి వచ్చి, చివర ద్విత్వం, ఉకారం తెచ్చుకుని అచ్చంగా మనదైపోయింది. ఇదే మాట అరబ్బులకు "హుకూక్ అల్ ఇన్సాన్", తుర్కులకు "ఇన్సాన్ హక్లరి", స్వాహిలీవాళ్లకు "హకి జా బినాదము". ఇండొనేసియాలో "హక్ అసాసి మనుసియా" అంటారు. ఆ "మనుసియా" మన మనుష్యుడే! మాష్టారు వైరమన్న కలయిక అక్కడా ఉంది. జెనీవాలోని మానవ హక్కుల మండలిలో ఒకరినొకరు దోషులని నిందించుకునే దేశాలు కూడా ఈ ఒక్క మాటను పంచుకుంటున్నాయి. నాకది గొప్పగా అనిపిస్తుంది.

ఇక అధికారం. "కర్మణ్యేవాధికారస్తే" అన్నచోట హక్కనే అర్థం ఉంది, హిందీ దాన్ని నిలుపుకుంది. కాబట్టి మాష్టారిది పూర్తిగా తప్పనను. సంస్కృత సమాసాలే నడిచే శాస్త్రగ్రంథంలో చెల్లవచ్చు. కానీ తెలుగులో అధికారమంటే అధికారి చలాయించేది. స్టేషన్లో కొట్టినవాడిదీ అధికారమే, దెబ్బలు తిన్నవాడిదీ అధికారమే అంటే వినేవాడికి ఏం బోధపడుతుంది? హిందీ వార్తలను అక్షరాలు మార్చి చదివేసే ఛానళ్లు ఈ సంగతి కాస్త ఆలోచించాలి.

మూడో మాట కూడా ఉంది. ఐక్యరాజ్యసమితి విశ్వమానవ హక్కుల ప్రకటన తెలుగు పాఠంలో మొదటి అధికరణం "ప్రతిపత్తి స్వత్వముల విషయమున మానవులెల్లరును జన్మతః స్వతంత్రులును సమానులును నగుదురు" అంటుంది. స్వత్వమంటే తనదై ఉండటం. అందమైన మాటే, కానీ కూలి ఎగ్గొట్టినవాణ్ణి "నా స్వత్వం ఇవ్వు" అని ఎవరడిగారు? "నా హక్కు" అనే అడుగుతారు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఏటా డిసెంబరు 10న పత్రికలు "1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కులను ప్రసాదించింది" అని రాస్తున్నాయి. ప్రసాదించడానికి అదేమన్నా గుడా? ఆరోజు పారిస్‌లో 48 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, సోవియట్ రష్యా, సౌదీ అరేబియా, దక్షిణాఫ్రికా సహా 8 దేశాలు ఓటింగుకు దూరంగా ఉన్నాయి. ఆ ఓట్లతో పుట్టిన హక్కులు కావవి. "జన్మతః" అని ప్రకటనే చెబుతోంది. సమితి వాటిని ప్రకటించింది, గుర్తించింది. ఈ రెండు క్రియల్లో ఏది రాసినా ఒప్పే.