తెల్ల పట్టీ టైర్లు: రింగులు బిగిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారు కొన్న అంబాసిడర్ కారు ఇప్పటికీ నడుస్తోంది. పాత ఫొటోల్లో కనిపించే తెల్ల పట్టీ టైర్లు దానికి వేయించాలని ఉంది. రిమ్ముకూ టైరుకూ మధ్య తెల్ల రబ్బరు రింగులు బిగిస్తే చాలునని ఇక్కడి టైర్ల షాపులో చెబుతున్నారు. ఈ పట్టీలు ఎలా వచ్చాయి? రింగులు వేయించవచ్చా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: టైరుకు పుట్టుకతో వచ్చిన రంగు తెలుపే, నలుపు తర్వాత వచ్చి చేరింది. సహజ రబ్బరు లేత రంగులో ఉంటుంది, దాన్ని గట్టిపరచడానికి తొలినాళ్ళలో కలిపిన జింక్ ఆక్సైడ్ వల్ల టైర్లు ఇంకా తెల్లగా వచ్చేవి. కార్బన్ బ్లాక్ అనే సన్నని మసిని కలిపితే రబ్బరు అరుగుదల బాగా తగ్గుతుందని గ్రహించి, 1910 దశకంలో అమెరికాలోని గుడ్రిచ్ కంపెనీ దాన్ని వాడకంలోకి తెచ్చింది. అరిగేది నేలను తాకే ట్రెడ్ కాబట్టి కొందరు తయారీదారులు మసిని అక్కడికే పరిమితం చేయగా, పక్కలు తెల్లగానే మిగిలిపోయాయి. నల్ల టైర్లు సర్వసాధారణమైన తర్వాత ఆ తెలుపే దర్జాకు గుర్తయింది. 1934లో ఫోర్డ్ కంపెనీ కొత్త కార్లకు 11.25 డాలర్లు అదనంగా తీసుకొని వీటిని అమర్చేది. 1942లో రబ్బరు తోటలున్న మలయా (నేటి మలేసియా ప్రాంతం) జపాన్ వశమై రబ్బరుకు కరువు రావడంతో ఈ సోకు ఆగింది, యుద్ధం తర్వాత మళ్ళీ వచ్చింది. 1960ల నాటికి పట్టీ బాగా సన్నబడింది. అంబాసిడర్ వంటి గుండ్రని ఒంటి కారుకు మాత్రం వెడల్పాటి పట్టీయే నిండుగా ఉంటుందని నా అభిప్రాయం.

రింగులు వేయించవద్దు. చక్రం తిరిగే ప్రతిసారీ టైరు పక్క భాగం, ముఖ్యంగా రేడియల్ టైరుది (లోపలి దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా సాగే రకం), ఉబ్బి సర్దుకుంటుంది. అప్పుడు రింగు దాన్ని ఒరుసుకుంటుంది. మీ మహేంద్రగిరి వైపు కొండదారిలో వానాకాలం ఎర్రమట్టి, ఇసుక ఆ సందులో చేరితే ఉప్పుకాగితంతో రుద్దినట్లే రబ్బరు కోసుకుపోతుంది. పైగా వేగం పెరిగినప్పుడు రింగు అంచు లేచి కొట్టుకుంటుంది.

అసలైన తెల్ల పట్టీ టైరులో తెల్ల రబ్బరు పొరను తయారీలోనే పక్క భాగంలో అమర్చి, పైన పలుచని నల్ల పొర కప్పి ఉడికించి, ఆ తర్వాత నలుపును గీకి తెలుపును బయటపెడతారు. నల్ల రబ్బరులోని రసాయనాలు ఊరి తెలుపును గోధుమరంగుకు తిప్పకుండా మధ్యలో మరో అడ్డుపొర ఉంటుంది. కొత్త టైరు పట్టీ మీద నీలిరంగు పూత కనిపిస్తే కంగారుపడకండి. అది రవాణాలో మరక పడకుండా వేసేది, నీళ్ళతో పోతుంది.

కొనేముందు మీ టైరు మీద ఉన్న సైజు చూసుకోండి. పాత అంబాసిడర్లకు 5.90-15 ఉండేది. టైరు పక్కన DOT (డాట్) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. పట్టీ ఎంత తెల్లగా ఉన్నా ఏళ్ళ తరబడి గోదాములో పడి ఉన్న సరకు తీసుకోవద్దు. క్రాస్‌ప్లై (లోపలి దారాలు ఒకదానికొకటి ఏటవాలుగా అడ్డుపడే పాత రకం), రేడియల్ టైర్లను ఒకే కారుకు కలిపి వేయకండి. ఎర్రమట్టి పట్టిన రోజే సబ్బునీళ్ళతో, మెత్తని బ్రష్షుతో కడగండి. పెట్రోలు, కిరోసిన్ రబ్బరును పాడుచేస్తాయి కాబట్టి వాటిని దగ్గరికి రానివ్వకండి.