మొండి బ్యాక్టీరియా అనవచ్చా?

సందేహం: ఆసుపత్రుల మురుగునీటి గురించిన వార్తల్లో ఒక పత్రిక 'యాంటీబయాటిక్ నిరోధక బ్యాక్టీరియా' అని, మరొకటి 'మొండి బ్యాక్టీరియా' అని రాసింది. ఇంతకూ నిరోధించేది మందా, బ్యాక్టీరియానా? ఏ మాట సరైనది? – ఒక పాఠకురాలు

సమాధానం: నిరోధించేది బ్యాక్టీరియానే. 'వ్యాధినిరోధక శక్తి' వ్యాధిని అడ్డుకున్నట్టే ఇది మందును అడ్డుకుంటుంది కాబట్టి సమాసంలో దోషం లేదు. చిక్కంతా 'నిరోధకత' అన్న మాటను ఒంటరిగా వదిలేయడంలో ఉంది. టీకా వార్తలో నిరోధకత పెరగడం శుభం, మురుగునీటి వార్తలో అదే ప్రమాదం. దేనికి, దేనిమీద అని చెప్పకుండా 'నిరోధకత పెరిగింది' అని రాసేవారు పాఠకుల్ని చీకట్లో వదులుతున్నారు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా 12 దేశాల్లో జరిపిన సర్వేలో 76 శాతం మంది, మందుకు అలవాటుపడేది రోగి శరీరమేనని పొరబడ్డారు. మాట మసకబారితే భావమూ మసకబారుతుంది.

ఇక 'మొండి'. ఇది నాకు ఎంతో ఇష్టమైన మాట. పట్టు విడవనివాడన్న అర్థం తరవాతి కాలపుదని నా నమ్మకం. మొదటి అర్థం తెగగా మిగిలినది. తల తెగితే మొండెం, కొమ్మలు పోతే మొండిమాను, పైకప్పు పోతే మొండిగోడ, పదును పోతే మొండికత్తి. కన్నడంలో 'మొండు' అంటే పదును లేనిదీ, మొండిపట్టు పట్టేదీ కూడా. ఎంత నరికినా ఇంకా నిలిచి ఉన్నదాన్ని చూసి మనవాళ్లు పట్టుదలకు ఆ పేరు పెట్టారు. మొండిబాకీ, మొండిరోగం ఆ దారిలో వచ్చినవే.

ఇప్పుడు ఆసుపత్రి కాలువను చూడండి. రోగి మింగిన యాంటీబయాటిక్‌లో కొంత భాగం మూత్రంతో అలాగే బయటికి వచ్చి మురుగులో కలుస్తుంది. బలహీనమైన బ్యాక్టీరియా చస్తుంది, తట్టుకున్నది మిగిలి, నరికిన మొదలు చిగురించినట్టు పెరుగుతుంది. 'నిరోధక' చెప్పలేని ఈ కథను 'మొండి' రెండక్షరాల్లో చెబుతోంది.

అయితే ఒక్క లోటుంది. మనిషి మొండితనం అతనితోనే పోతుంది. బ్యాక్టీరియా మాత్రం ఆ గుణాన్నిచ్చే జన్యువును పక్కనున్న వేరే జాతికి కూడా అందించగలదు. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఢిల్లీలో బయట నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షిస్తే 51 నమూనాల్లో ఎన్‌డీఎం-1 అనే అటువంటి జన్యువు కనిపించింది. నీటిలో దొరికిన బ్యాక్టీరియాలో 11 జాతులు అంతకుముందు ఆ జన్యువు ఉన్నట్టు ఎవరూ చూడనివి. ఈ అంటుగుణం 'మొండి'లో పలకదు.

అందుచేత శాస్త్రవ్యాసంలో 'యాంటీబయాటిక్ నిరోధక' అనే ఉంచుకోవచ్చు. పత్రికలో మొదటిసారి 'మందులకు లొంగని బ్యాక్టీరియా' అని రాసి, ఆ తరవాత 'మొండి బ్యాక్టీరియా' అంటే నాకు అభ్యంతరం లేదు. 'మురుగునీరు' ఉండగా 'వ్యర్థజలాలు' ఎందుకో మాత్రం నాకు అర్థం కాదు. మురిగిన గుడ్డు వాసన ఎరిగిన ఎవరికైనా 'మురుగు'ను విడమరచి చెప్పనక్కరలేదు.