గాలిలో డ్రోన్‌ను నిలబెట్టే పని: ఏం చదవాలి?

ప్రశ్న: నేను ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. గాలి వీస్తున్నా డ్రోన్ కదలకుండా, క్షేమంగా ఎగిరేలా చేసే రంగంలో పనిచేయాలని ఉంది. పైలట్ శిక్షణ తీసుకోవాలా, ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలా?

జవాబు: పైలట్ శిక్షణ డ్రోన్‌ను నడపడం నేర్పుతుంది. మీరు కోరుకుంటున్నది డ్రోన్ తనను తాను నిలబెట్టుకునేలా చేసే పని కాబట్టి, మీకు ముందుగా కావలసింది కంట్రోల్ సిస్టమ్స్ (యంత్రం తన తప్పును తానే కొలిచి సరిదిద్దుకునేలా చేసే శాస్త్రం), దానికి ఆధారమైన గణితం. ప్రోగ్రామింగ్ తప్పనిసరే కానీ అది ఆ తర్వాతి మెట్టు.

నాలుగు మోటార్ల డ్రోన్‌కు స్వతహాగా నిలకడ లేదు. డ్రోన్‌లోని చిన్న కంప్యూటర్ అయిన ఫ్లైట్ కంట్రోలర్ సెకనుకు కొన్ని వందల సార్లు సెన్సర్లను చదివి, డ్రోన్ ఎంత వంగిందో అంచనా వేసి, ఒక్కొక్క మోటారు వేగాన్ని సరిచేస్తూ ఉంటేనే అది నిలబడుతుంది. ఈ అంచనాలోనే అసలు చిక్కంతా ఉంది. తిరిగే వేగాన్ని కొలిచే గైరోస్కోప్ ఆ క్షణానికి సరిగానే చెబుతుంది కానీ సమయం గడిచేకొద్దీ దాని లెక్క పక్కకు జరుగుతుంది. త్వరణాన్ని కొలిచి కింది దిశ ఎటో చెప్పే యాక్సెలరోమీటర్ లెక్క అలా జరగదు కానీ మోటార్ల కంపనానికి చెదిరిపోతుంది. ఈ రెండింటినీ కలిపి నమ్మదగిన అంచనా తీయడానికి, 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రచురించిన ఫిల్టర్ (చెదిరిన కొలతల నుంచి అసలు విలువను అంచనా వేసే గణిత పద్ధతి) రూపాంతరాలను నేటికీ వాడుతున్నారు. అంచనా దొరికాక తప్పును సరిదిద్దే పీఐడీ పద్ధతి (ప్రొపోర్షనల్, ఇంటిగ్రల్, డెరివేటివ్: ఇప్పటి తప్పు, కూడుతూ వచ్చిన తప్పు, తప్పు మారే వేగం అనే మూడింటినీ చూసేది) ఇంకా పాతది. 1922లో నికొలస్ మినోర్‌స్కీ ఓడల చుక్కాని గురించి చేసిన విశ్లేషణలో దాని మూలం ఉంది. గాలి ఒకే వైపు నుంచి వీస్తున్నప్పుడు మిగిలిపోయే చిన్న తప్పును కూడబెట్టి, గాలికి ఎదురుగా డ్రోన్‌ను కొద్దిగా వంచి ఉంచేది అందులోని ఇంటిగ్రల్ భాగమే. మ్యాట్రిక్సులు, సంభావ్యత, అవకలన సమీకరణాలు పరీక్షతో ముగిసిపోయే పాఠాలు కావని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను.

డ్రోన్ కొనకుండానే అభ్యాసం మొదలుపెట్టవచ్చు. ఫ్లైట్ కంట్రోలర్‌ను నడిపే ఆర్డూపైలట్, పీఎక్స్4 సాఫ్ట్‌వేర్లు ఓపెన్ సోర్స్‌లో ఉన్నాయి, సిమ్యులేటర్‌లోనూ నడుస్తాయి. గెయిన్ (తప్పుకు ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె) పెంచితే డ్రోన్ ఎలా వణుకుతుందో, తగ్గిస్తే ఎలా మందగిస్తుందో చూడండి. ప్రతిసారీ లాగ్ (ఎగిరినప్పుడు నమోదైన కొలతల రికార్డు) తెరిచి కారణం రాసుకోండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్ల కట్ట కంటే, మీరు స్వయంగా విశ్లేషించిన నాలుగు లాగ్‌లే మీ సామర్థ్యాన్ని బాగా చూపిస్తాయని నా నమ్మకం.

భద్రత విషయంలో విద్యార్థులు చూపే తొందర నన్ను నిజంగా కలవరపెడుతుంది. జీపీఎస్ పోతే, రిమోట్ సిగ్నల్ తెగితే, బ్యాటరీ పడిపోతే డ్రోన్ ఏం చేయాలో ఎగరకముందే నిర్ణయించడం ఈ వృత్తిలో సగం పని. ఒక మోటారు ఆగితే ఆరు మోటార్ల డ్రోన్‌ను దించే అవకాశం చాలావరకు ఉంటుంది కానీ, నాలుగు మోటార్లదాన్ని కాపాడటం చాలా కష్టం. మరీ వేగంగా నిట్టనిలువునా దించితే, డ్రోన్ తాను కిందికి తోసిన గాలిలోనే చిక్కుకుని అదుపు తప్పుతుంది. అందుకే దిగే వేగానికి సాఫ్ట్‌వేర్‌లో హద్దు పెడతారు. బల్ల మీద మోటార్లను పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్లు తప్పక తీసేయండి. ఇందులో మినహాయింపు వద్దు.

పైలట్ శిక్షణ వృథా అనడం లేదు, చివరి సంవత్సరంలో తీసుకోండి. లాగ్ గ్రాఫులో మీరు గుర్తించిన డ్రోన్ స్పందనలోని ఆలస్యం, రిమోట్ స్టిక్ కదిపిన చేతికి ఎలా తెలుస్తుందో అప్పుడు అనుభవమవుతుంది.