రాత్రి భోజనం మానకు, చిట్టీ

చిట్టీ,

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో సగం దూరం పరుగుకు నువ్వు పేరిచ్చావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే వీధి చివరిదాకా చాటింపు వేయాలనిపించింది. మన ఇంట్లో బస్సు కోసం తప్ప పరుగెత్తినవాళ్లు లేరు. అలాంటిది ఏకంగా 21 కిలోమీటర్లా! ఆ సంబరంలో ఉండగానే రెండో వార్త చెప్పింది. నెలన్నరగా జిమ్‌లో చెమటోడుస్తూ, అన్నం మానేసి కొర్రలు తింటున్నా రెండున్నర కిలోలు పెరిగావట. అందుకని ఇకమీదట రాత్రిళ్లు ఏమీ తినవట. కోపం వచ్చి ఫోను పెట్టేసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నేను బడిలో ఆడపిల్లలకు ఆటలు నేర్పి రిటైరైనదాన్ని. పరుగు కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు బరువు పెరగడం నాకు వింత కాదు. అలవాటు లేని పని పడగానే కండరాలు కాస్త వాస్తాయి, కోలుకునేదాకా నీరు పట్టి ఉంచుకుంటాయి. పైగా పరుగుకు కావలసిన ఇంధనాన్ని గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. దాని ప్రతి గ్రాము వెంట మూడు గ్రాముల దాకా నీరు చేరుతుంది. నువ్వు కొవ్వనుకుని కుమిలిపోతున్నదాంట్లో కొంత ఆ నీరే. నెలసరి ముందు రోజుల్లోనూ, ఆవకాయ మోతాదు మించిన మర్నాడూ కూడా అంకె పైకే పోతుంది. తూచుకోక ఉండలేకపోతే వారానికోసారి, పొద్దున్నే, ఏమీ తినకముందు చూసుకో. అంతకన్నా దర్జీ టేపు నయం. మన దేశపు ఆడవాళ్లకు నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటకూడదని డాక్టర్లు పెట్టిన హద్దు. నడుము తగ్గుతూ బరువు పెరుగుతుంటే ఆ తూకం యంత్రాన్ని మంచం కిందికి తోసెయ్యి.

తిండి సంగతికొస్తే, నువ్వు మంచివే తింటున్నావు, కాదనను. కానీ కొర్రలైనా బియ్యమైనా, వండకముందు వంద గ్రాములు తూచి చూస్తే కేలరీలు ఇంచుమించు ఒకటే, 350కి కాస్త అటూ ఇటూ. కొర్రల్లో పీచు ఎక్కువ కాబట్టి మళ్లీ ఆకలి వేయడం ఆలస్యమవుతుంది, మంచిదే. కొర్రలే కదా అని మారు వడ్డించుకుంటే ఆ లాభం కాస్తా పోతుంది. సాయంత్రం బాదంపప్పు, జీడిపప్పు, ఖర్జూరం లడ్డూలు, పైన పండ్లరసం! వంద గ్రాముల బాదంలో 575 పైచిలుకు కేలరీలు. గంటసేపు నడిస్తే ఖర్చయ్యేది రెండు, మూడు వందలు. పెద్ద చెంచాడు నూనెకు 120. వంటమనిషి మూకుట్లో నూనె సీసా వంచుతుంటే ఎన్ని చెంచాలో ఒక్క రోజైనా నిలబడి చూశావా? మా తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, కండల కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దని కూడా ఉంది. ఆ పెద్ద డబ్బా ఇంకొకటి కొనకు. పప్పు, పెరుగు, గుడ్లు లేని ఊళ్లో లేవు నువ్వు.

అసలు రాయవలసింది ఇప్పుడు రాస్తాను. మీ అమ్మ సంగతి. ఆమె నోటివెంట రాదు.

నువ్వు నడక నేర్చుకుంటున్న రోజులు. అందరం చిక్కడపల్లిలో ఉండేవాళ్లం. మీ అమ్మ తెల్లవారకముందే లేచి ఇందిరా పార్కులో నడిచి వచ్చేది. టిఫిను రెండు ఇడ్లీలు. అయినా జాకెట్లు బిగుతవుతూనే ఉండేవి. మీ అమ్మమ్మ తీర్పు ఒకటే: 'ఎవరూ చూడకుండా తింటోంది.' నేతిగిన్నె, జంతికల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకుంది. మీ అమ్మ వాదించలేదు. మధ్యాహ్నం మజ్జిగన్నం, రాత్రి పస్తు, పార్కులో మరో రెండు చుట్లు. ఏప్రిల్ ఎండల్లో ఫ్యాను ఆపమనేది. దువ్వెనకు జుట్టు కుచ్చులుగా వచ్చేది. గొంతు బొంగురుపోయింది. ఉంగరం వేలికి పట్టేసి సబ్బు రాసినా రాలేదు. ఇన్ని కళ్లెదుట ఉన్నా ఇంటిల్లిపాది చూపూ ఆమె కంచం మీదే. చివరికి ఒక సాయంత్రం పార్కు గేటు దగ్గర కళ్లు తిరిగి పడిపోతే, పూలమ్మే ఆవిడ ముఖాన నీళ్లు చల్లి ఆటో ఎక్కించింది.

మర్నాడు చూసిన డాక్టరు ఏం తింటావని అడగనే లేదు. కుర్చీ మీద మోకాళ్లపై నిలబెట్టి, మడమ వెనక చిన్న సుత్తితో తట్టాడు. పాదం చటుక్కున కదిలింది, కానీ వెనక్కి రావడానికి తీరిక దొరకనట్టు మెల్లగా వచ్చింది. ఆయన మళ్లీ తట్టి చూసి, రక్తపరీక్షకు రాశాడు. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోను ఉండవలసినదానికి ఎన్నో రెట్లు ఉంది. ఆ జబ్బులో పెరిగే బరువులో ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూనే. కడుపు మాడ్చుకుంటే తగ్గేది కాదు. మాత్ర మొదలుపెట్టాక కొన్నాళ్లకు ఉంగరం దానంతట అదే వదులైంది. అమ్మమ్మ బీరువా తాళం తీసింది గానీ ఆ విషయమై ఒక్క మాట అనలేదు. ఆ సంక్రాంతికి మాత్రం మొదటి అరిసె మీ అమ్మ చేతిలో పెట్టింది. ఎవరైనా చూస్తుంటే మీ అమ్మ ఇప్పటికీ నెయ్యి వేసుకోదు, గమనించావా?

అందుకే చెబుతున్నాను. ఇది రక్తసంబంధంలో వచ్చే జబ్బు. ఈ వారంలోనే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకో. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నావేమో, ఆ మాట ముందే డాక్టరుకు చెప్పు, వాటివల్ల ఫలితం తారుమారు కావచ్చు. నెలసరి తప్పుతుంటే అదీ దాచకు, అండాశయాల సమస్య ఉన్నా బరువు ఇలాగే పెరుగుతుంది. ఒకవేళ థైరాయిడ్ మాత్ర రాస్తే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగు. ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఏమీ లేదని తేలితే మరీ మంచిది, నూనె సీసా మీద నిఘా పెడదాం.

బూట్లు కాస్త వదులుగా కొనుక్కో. రాత్రి ఫోనుతో జాగారం చేయకు, నిద్ర చాలకపోతే ఆకలి ఎక్కువవుతుంది. తెల్లవారుజామున ఒంటరిగా రోడ్డెక్కకు. నీ మోకాళ్లకన్నా కొండాపూర్ వీధికుక్కలంటేనే నాకు ఎక్కువ భయం, నవ్వితే నవ్వు. వెలుగొచ్చాక కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తు, అక్కడ నడిచేవాళ్లు నలుగురు ఉంటారు. పడిపోతే లేపేవాళ్లు ఉండాలి కదే.

పరుగు మానమని నేను అనను. ఎన్నడూ అనను. కానీ పొద్దున పది కిలోమీటర్లు పరుగెత్తబోయే పిల్ల ముందురోజు రాత్రి ఖాళీ కడుపుతో పడుకుంటే నాకు నిద్ర పట్టదు. రెండు పుల్కాలు, పప్పు, కూర, కాస్త పెరుగు తిని పడుకో. ఆదివారం తార్నాక రా, పరీక్ష కాగితం కూడా తెచ్చుకో. గుత్తివంకాయ చేస్తాను. నూనె తక్కువే వేస్తాలే.

నీ పెద్దమ్మ