హెదర్ అన్న పేరుకు "బీడు నేల" అని అర్థమా?

స్కాట్లాండ్ కొండలను ఆగస్టు నెలలో ఊదారంగుతో కప్పేసే హెదర్ పొద పేరు, బీడు నేలను సూచించే "హీత్" అన్న ఇంగ్లీషు మాట నుంచే పుట్టిందా అని మీరు అడిగారు. ఎడిన్‌బరోలో చదువుకున్న రోజుల్లో నేనూ అలాగే అనుకుని, పెంట్లాండ్ కొండలకు వెళ్లినప్పుడు ఆ పువ్వును "హీదర్" అని పిలిచాను. వెంట వచ్చిన స్థానిక మిత్రురాలు నవ్వి, అది "హెదర్" అని సరిదిద్దింది. ఆ ఉచ్చారణలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉందని తరువాత తెలిసింది.

పద్నాలుగో శతాబ్దపు రాతల్లో ఈ పేరు "హదిర్" వంటి రూపంలో కనిపిస్తుంది. స్కాట్లాండ్‌లోనూ ఉత్తర ఇంగ్లండ్‌లోనూ "హాడర్" అనీ పలికేవారు. "హీత్"తో చుట్టరికం ఉందన్న ఊహతో పద్దెనిమిదో శతాబ్దంలో అక్షరక్రమాన్ని దానికి తగ్గట్టు మార్చారే గాని, పలుకుబడి పాత దారినే నడిచింది. అసలు మూలమేమిటో నిఘంటుకారులు ఇప్పటికీ తేల్చలేదు. కనుక "బీడు నేల పువ్వు" అన్న అర్థాన్ని, వినడానికి ఎంత సొంపుగా ఉన్నా, నేను ఒప్పుకోను.

అర్థం స్పష్టంగా తెలిసినది శాస్త్రీయ నామానికే. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఎరికా ప్రజాతిలో చేర్చిన ఈ మొక్కను 1802లో సాలిస్‌బరీ అనే వృక్షశాస్త్రవేత్త విడదీసి "కల్లూనా" అన్నాడు. గ్రీకులో "కల్లూనైన్" అంటే ఊడ్చి శుభ్రం చేయడం, అందంగా తీర్చడం కూడా. దాని వెనుక ఉన్న "కల్లోస్", అంటే అందం, కాలిగ్రఫీ అన్న మాటలోనూ ఉంది. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టే మనకు ఆ రెండర్థాలూ ఒక్క మాటలో ఇమడడం వింతగా తోచదు. ఆ పేరు కవిత్వం కోసం పెట్టినది కాదు: గట్టిగా, సన్నగా ఉండే ఈ పొద కొమ్మలను కట్టలు కట్టి అక్కడివారు నిజంగానే చీపుర్లు చేసుకునేవారు. ఎండిన రెమ్మ ఒకటి విరిచి చూసినప్పుడు, ఆ పనికి అది ఎందుకు పనికివచ్చిందో నాకు వెంటనే అర్థమయింది.

ఇంగ్లండ్‌లో దీనికున్న "లింగ్" అన్న మరో పేరు పాత నార్స్ భాషలోని "ల్యుంగ్" నుంచి వచ్చింది. స్కాట్లాండ్ భాషల్లో ఒకటైన గేలిక్‌లో దీనిని "ఫ్రేఖ్" అంటారు. ఆడపిల్లలకు పెట్టే హెదర్ అన్న పేరు ఈ పువ్వుదే. ఎరికా మాత్రం సాధారణంగా ఎరిక్ అన్న పురుషనామానికి స్త్రీరూపమే తప్ప, మొక్క నుంచి వచ్చినది కాదు.