ఇనుప పైపులు కోయడానికి ఏ యంత్రం కొనాలి?
గేట్లు, షెడ్డు పనుల కోసం జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులు, ఇనుప యాంగిళ్లు కోయడానికి ఏ యంత్రం మేలన్నది ప్రశ్న. అప్పుడప్పుడు చేసే తిన్నని కోతలకు 14 అంగుళాల చాప్ సా (తిరిగే గరుకు చక్రాన్ని పైనుంచి కిందికి దించి కోసే యంత్రం) సరిపోతుంది. అయితే దాని చక్రం నిమిషానికి సుమారు 3,800 చుట్లు తిరుగుతూ లోహాన్ని అరగదీస్తుంది కాబట్టి నిప్పురవ్వలు, వేడి, అంచున గరుకు తప్పవు. కార్బైడ్ పళ్ల బ్లేడుతో పనిచేసే కోల్డ్ కట్ సా సుమారు 1,300 చుట్లతోనే నున్నగా కోస్తుంది. ధర ఎక్కువైనా, రోజూ పని ఉన్నవారికి నేను దానినే సూచిస్తాను. ఆ బ్లేడును మాత్రం మామూలు చాప్ సాకు ఎన్నడూ బిగించకండి, ఆ వేగానికి పళ్లు ఊడి మనిషి మీదికి ఎగరవచ్చు. ఇప్పటికే అమర్చిన పైపును ఉన్నచోటే కోయాలంటే చేత్తో పట్టుకొని కోసే 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్ చాలు. జీఐ పూతలోని జింకు వేడికి హానికరమైన పొగనిస్తుంది కనుక గాలి ఆడే చోటనే కోయండి.